జనవరిలో ఢిల్లీ ఫ్లైటా? రెండు గంటల లెక్క పక్కన పెట్టండి

శంషాబాద్ నుంచి ఢిల్లీకి గాలి దారిన సుమారు 1,250 కిలోమీటర్లు. టికెట్ మీద రెండుంపావు గంటలని ఉంటుంది. అందులో గాల్లో గడిచేది గంటా ముప్పావుకి అటూ ఇటూ, మిగతాదంతా రన్‌వే దాకా వెళ్ళడానికీ, దిగాక గేటు చేరడానికీ పోతుంది. అక్టోబరులో అయితే ఈ లెక్క సరిపోతుంది. డిసెంబరు నడిమి నుంచి జనవరి చివరి దాకా మాత్రం దీన్ని నమ్ముకుని ఏ పనీ పెట్టుకోకండి.

కారణం పొగమంచు. ఢిల్లీలో అర్ధరాత్రి దాటాక కమ్ముకుంటే ఒక్కోసారి ఉదయం పది దాకా విడవదు. ఇక్కడ మనకి ఎండ కాస్తుంటుంది కాబట్టి కౌంటర్ దగ్గర గొడవలు మొదలవుతాయి. నిజానికి ఢిల్లీలో రన్‌వే మీద 50 మీటర్లు కనిపించినా విమానం దిగే ఏర్పాటు ఉంది. కాకపోతే విమానంలో అందుకు తగ్గ పరికరాలుండాలి, పైలట్లకి ఆ శిక్షణ ఉండాలి. టేకాఫ్‌కి అంతకంటే ఎక్కువ దూరం కనిపించాలి. అక్కడున్నవి కదలవు, పార్కింగ్ ఖాళీ కాదు, ఇక్కడున్న మనల్ని రానివ్వరు.

ఒక జనవరిలో నాన్నగారితో తెల్లవారుజాము ఫ్లైట్ ఎక్కాను. తలుపులు వేశాక మూడు గంటలు శంషాబాద్‌లోనే, సీట్లోనే కూర్చున్నాం. ఆయనకి సుగర్. మాత్రలేమో చెకిన్ పెట్టెలో ఉన్నాయి (నా తెలివి అది). పక్క సీటావిడ స్టీలు డబ్బా విప్పి పులిహోర పెట్టకపోతే ఏమయ్యేదో. అప్పట్నుంచి మందులు, స్వెటర్, తినడానికేదైనా చేతి సంచిలోనే. పవర్‌బ్యాంక్ ఎలాగూ చెకిన్‌లో పెట్టనివ్వరు. ఆవకాయ సీసా మాత్రం పెట్టెలోకే, సెక్యూరిటీ దగ్గర దానికోసం బతిమాలుకోవద్దు.

టికెట్ కొనేటప్పుడే సగం జాగ్రత్త పడొచ్చు. పొద్దున్నే ఆరింటి ఫ్లైట్ చవకగా కనిపిస్తుంది కానీ, అది సరిగ్గా మంచు వేళకే ఢిల్లీ చేరుతుంది. మధ్యాహ్నం పన్నెండుకీ మూడుకీ మధ్య దిగేది చూసుకోండి. రాత్రి ఫ్లైట్ల తంటా వేరే: అదే విమానం పొద్దుట్నుంచి తిరుగుతూ ఆలస్యాలన్నీ మోసుకొస్తుంది. మీరెక్కబోయే విమానం ఇప్పుడెక్కడుందో ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో చూస్తే విషయం అర్థమైపోతుంది.

ఢిల్లీ మీదుగా అమెరికా వెళ్ళేవాళ్ళకి అసలు ప్రమాదం విడివిడి టికెట్లు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది పోయినా మిమ్మల్ని ముందుకు పంపే పూచీ ఎయిర్‌లైన్‌ది. విడిగా కొంటే నష్టం మీదే. తప్పనిసరైతే ముందురోజే చేరిపోండి. అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 3 నుంచి. మీరు టెర్మినల్ 1లో దిగితే బయటికొచ్చి, రోడ్డు మీదుగా వెళ్ళాలి, దానికి గంట కేటాయించుకోండి.

ఆలస్యం ఆరు గంటలు దాటుతుందంటే వేరే ఫ్లైట్ కానీ, పూర్తి డబ్బు కానీ అడగొచ్చు. మంచు వల్లయితే నష్టపరిహారం ఆశించకండి.

ఆగ్రా వైపు వెళ్ళాల్సినవాళ్ళు రాత్రి దిగితే వెంటనే టాక్సీ ఎక్కొద్దు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మంచులో బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడం ఏటా వింటున్నదే. ఢిల్లీలోనే పడుకుని, బాగా ఎండెక్కాక బయల్దేరండి.