నెల తప్పకముందే: పిండం మెదడు, వెన్నుపాము కోసం జాగ్రత్తలు

నెల తప్పి, ఇంట్లో పరీక్ష చేసుకుని, పెద్దవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చాలామందికి ఎనిమిదో వారం నడుస్తుంటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాముల పునాది అప్పటికే పడిపోయి ఉంటుంది. డాక్టర్లు వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. ఫలదీకరణ జరిగేది సుమారు రెండు వారాల తర్వాత. ఆ పైన 28వ రోజుకల్లా, అంటే డాక్టరు లెక్కలో ఆరో వారం చివరికి, మెదడు, వెన్నుపాములుగా మారే నాడీ గొట్టం మూసుకుపోతుంది. నెలసరి రావాల్సిన రోజున చూసుకుంటే ఇక మిగిలింది రెండే వారాలు. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టకముందు చేయాల్సిన పనులు.

ఇక్కడి నుంచి లెక్క ఫలదీకరణ రోజు నుంచి. మూడో వారంలో పిండం పైపొరకు బీఎంపీ అనే సంకేతం అందితే అది చర్మమవుతుంది. నోగిన్, కార్డిన్ అనే ప్రొటీన్లు ఆ సంకేతాన్ని అడ్డుకున్న చోట నాడీ పలక తయారవుతుంది. పలక అంచులు పైకి లేచి, దగ్గరై, గొట్టంగా కలుస్తాయి. అతుకు 22వ రోజు ప్రాంతంలో మెడ దగ్గర మొదలవుతుంది. తలవైపు రంధ్రం దాదాపు 25వ రోజుకు, నడుం వైపుది 27, 28 రోజులకు మూసుకుంటాయి. తలవైపు మూసుకోకపోతే అనెన్‌సెఫలీ, అంటే మెదడు, పుర్రెల్లో చాలాభాగం ఏర్పడదు, ఆ బిడ్డ బతకదు. కిందివైపు మూసుకోకపోతే స్పైనా బైఫిడా. కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు లేకపోవడం, చాలామందిలో తలలో నీరు చేరడం దాని ఫలితాలు.

గొట్టం మూసుకోవడం ఒక పని, అందులో ఏ కణం ఏమవ్వాలో తేలడం ఇంకో పని. గొట్టం కింద ఉండే నోటోకార్డ్ అనే కడ్డీలాంటి భాగం నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేతం, పైభాగం నుంచి బీఎంపీ వస్తాయి. తల నుంచి తోక దాకా ఉన్న వరసను రెటినోయిక్ యాసిడ్, ఎఫ్‌జీఎఫ్, వింట్ సంకేతాలు నిర్ణయిస్తాయి. ఏ సంకేతం ఎంత మోతాదులో అందిందన్నదే అసలు సంగతి. ఫోలిక్ యాసిడ్ కాపాడేది ప్రధానంగా మొదటి పనిని. అది వేసుకుంటున్నాం కదా అని మిగతావి వదిలేయడం పెద్ద పొరపాటు.

మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ సరిపోతుంది. ఎర్ర రక్తకణాల్లో నిల్వ పెరగడానికి వారాలు పడుతుంది. అందుకే మూడు నెలల ముందు మొదలుపెట్టడం మేలు, నెల ముందు తప్పనిసరి. గర్భం మూడో నెల నిండేదాకా ఆపకూడదు. మందుల షాపులో ఊరికే అడిగితే ఎక్కువగా చేతికొచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర, అంటే పన్నెండు రెట్లకు పైమాటే. అవసరం లేనివాళ్లు అది వేసుకుంటే బీ12 లోపం వల్ల వచ్చే రక్తహీనత కప్పబడిపోతుంది, నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. శాకాహారులు, పీసీఓఎస్‌కో షుగర్‌కో మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ముందే బీ12 పరీక్ష చేయించుకోవాలి. బీ12 తక్కువైనా నాడీ గొట్టం లోపాల ముప్పు పెరుగుతుంది. పాలకూర, తోటకూర, పెసలు, శనగలు మంచివే కానీ ఉడికించి నీళ్లు వార్చేస్తే ఫోలేట్‌లో (తిండిలో ఉండే ఫోలిక్ యాసిడ్ రూపం) చాలాభాగం ఆ నీళ్లతోనే పోతుంది. తిండి మాత్రకు బదులు కాదు.

మందుల్లో అన్నింటికన్నా జాగ్రత్త పడాల్సింది వాల్‌ప్రోయేట్ విషయంలో. ఫిట్స్‌కే కాదు, బైపోలార్‌కు, మైగ్రేన్‌కు కూడా ఇస్తారు కాబట్టి చీటీలో పేరు చూసుకోండి. దీనివల్ల స్పైనా బైఫిడా ముప్పు నూటికి ఒకటి రెండు దాకా ఉంటుంది. అలాగని సొంతంగా ఆపేస్తే ఫిట్స్ తిరగబెట్టి తల్లి ప్రాణానికే ప్రమాదం. గర్భానికి కొన్ని నెలల ముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్చుకోవాలి. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడే మెథోట్రెక్సేట్ ఫోలేట్ పనినే అడ్డుకుంటుంది. దాన్నీ డాక్టరు చెప్పిన ప్రకారం ముందుగానే ఆపాలి.

మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్, విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ యాసిడ్ కుటుంబానిదే. పిండంలో వెనుక మెదడు భాగాలకు హద్దులు గీసే సంకేతం మోతాదు మించితే ముందు ఉండాల్సిన భాగాలు వెనుక భాగాల్లా మారతాయి, చెవులు, గుండె కూడా దెబ్బతింటాయి. ఆపాక కనీసం ఒక నెల ఆగాలి. సోరియాసిస్‌కు వాడే అసిట్రెటిన్ అయితే మూడేళ్లు. మద్యంతో కలిస్తే అది కొవ్వులో ఏళ్ల తరబడి నిలిచే రూపంలోకి మారుతుంది.

ఇదే లెక్క లివర్ ఫ్రైకీ వర్తిస్తుంది. రక్తం పడుతుందని మన ఇళ్లలో ప్రేమగా పెడతారు. వండిన కోడి లివర్ 100 గ్రాముల్లో సుమారు 4,000 మైక్రోగ్రాముల విటమిన్ ఎ ఉంటుంది, గర్భిణికి రోజుకు గరిష్ఠ పరిమితి 3,000. మేక లివర్ కూడా తక్కువదేం కాదు. క్యారెట్, మునగాకుల్లోని బీటా కెరోటిన్‌తో ఈ భయం లేదు.

పేరు తెలియని పసరు మందులు వద్దు. అమెరికాలోని ఐడహోలో వెరాట్రమ్ అనే మొక్కను చూలు నిలిచిన 14వ రోజు ప్రాంతంలో మేసిన గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుట్టాయి. అందులోని సైక్లోపమైన్ సోనిక్ హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని ఆపేస్తుంది. ముందు మెదడు రెండుగా చీలదు, కళ్లూ విడిపోవు. ప్రకృతి సిద్ధమైనది కాబట్టి హాని చేయదన్న మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 6.5 శాతం లోపుకు తెచ్చుకున్నాకే ప్రయత్నించాలి. 10 దాటితే గర్భం వాయిదా వేయడమే మంచిది. నాడీ గొట్టం మూసుకునే వారాల్లో 39 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో జ్వరం వస్తే పారాసిటమాల్‌తో తగ్గించుకోండి, వేడినీటి తొట్టె స్నానాలు, ఆవిరి గదులు మానండి.

ముందు బిడ్డకు నాడీ గొట్టం లోపం వచ్చి ఉంటే మళ్లీ వచ్చే ముప్పు నూటికి సుమారు మూడు. 1991లో వెలువడిన బ్రిటన్ ఎంఆర్‌సీ (వైద్య పరిశోధన మండలి) పరీక్షలో 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఆ ముప్పును 72 శాతం తగ్గించింది. వీళ్లకూ, డాక్టరు చెప్పిన షుగర్, ఫిట్స్ రోగులకూ 5 మిల్లీగ్రాముల మాత్ర ఉపయోగపడేది ఇక్కడే. 4 మిల్లీగ్రాముల మోతాదు కోసం 400 మైక్రోగ్రాముల మల్టీవిటమిన్ మాత్రలు పది మింగకండి, వాటితో పాటు విటమిన్ ఎ కూడా పదింతలు లోపలికి పోతుంది.