యాంకర్: ఎక్కడ లంగరు, ఎక్కడ కాదు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించేవారికి యాంకర్ అనే మాట మొదట సులువుగానే కనిపిస్తుంది. నిఘంటువు తీస్తే లంగరు అని ఉంటుంది, అంతటితో పని తీరినట్టే అనిపిస్తుంది. తీరా వాక్యంలో పెట్టి చూస్తే, టీవీలో వార్తలు చదివే మనిషి గానీ, వికెట్లు పడుతున్నా ఒక ఎండ్‌లో నిలబడ్డ బ్యాటర్ గానీ, కంపెనీ వాటాలను ప్రజలకు అమ్మే పబ్లిక్ ఇష్యూలో అందరికంటే ముందు డబ్బు పెట్టిన సంస్థ గానీ, బేరంలో మొదట పలికిన ధర గానీ లంగరు అన్న మాటకు లొంగవు. ఈ చిక్కు విడిపోవాలంటే ముందుగా అసలు లంగరు చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. తరువాత, మన ముందున్న ప్రయోగం ఆ పనిలో ఏ భాగాన్ని అరువు తెచ్చుకున్నదో గుర్తించాలి. తెలుగు మాట కోసం వెతకవలసింది ఆ పైననే.

లంగరు తన బరువుతోనే ఓడను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువుకంటే ముఖ్యమైనది పట్టు. లంగరు కొక్కేలు సముద్రపు అడుగున ఇసుకలోనో బురదలోనో గుచ్చుకొని ఓడను నిలుపుతాయి. ఆ పట్టు సడలకుండా ఉండాలంటే గొలుసు లాగుడు పైకి కాక, నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. అందుకే చిన్న పడవలవారు 10 మీటర్ల లోతులో లంగరు వేయాలంటే 50 నుంచి 70 మీటర్ల వరకు గొలుసో తాడో వదులుతారు. తిరిగి బయలుదేరేటప్పుడు గొలుసును లోపలికి చుట్టుకుంటూ లంగరుకు సరిగ్గా పైకి వస్తే, లాగుడు నిట్టనిలువుగా మారి కొక్కెం నేలను వదిలేస్తుంది. ఇందులో అనువాదకులు ముఖ్యంగా గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది: లంగరు వేసిన ఓడ కదలకుండా ఉండదు. గుంజకు కట్టిన గేదె పలుపు అందినంత మేర మేసినట్టుగా, గాలిని బట్టి, ఆటుపోట్లను బట్టి, గొలుసు అందినంత మేర లంగరు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్, దానికి మూలం గ్రీకు. అన్నిటికీ అడుగున ఉన్న భావం వంపు, కొక్కెం. మన అంకుశం కూడా ఆ వంపు కుటుంబానికి చెందినదే కనుక యాంకర్ మనకు మరీ పరాయిది కాదు. తమాషా ఏమిటంటే, అచ్చమైన తెలుగు మాటలా వాడుకుంటున్న లంగరు మాత్రం పారసీ నుంచి వచ్చింది.

ఓడకు సంబంధించిన వాచ్యార్థంలో తడబాటుకు చోటు తక్కువ. లంగరు వేయడం, దించడం, ఎత్తడం అనే క్రియలు తెలుగులో స్థిరపడే ఉన్నాయి. విశాఖపట్నం ఓడరేవులో బెర్తు, అంటే ఒడ్డున నిలిచే చోటు, దొరికేదాకా ఓడలు బయట సముద్రంలో ఆగే చోటును రేవువారి భాషలో ఔటర్ యాంకరేజీ అంటారు. సాధారణ పాఠకుల కోసం దానిని ‘లంగరు వేసే చోటు’ అని విడమరచి రాయవచ్చు. అయితే రెండు పదబంధాల దగ్గర జాగ్రత్త అవసరం. ‘వెయ్ యాంకర్’ (weigh anchor) అన్నప్పుడు ఆ వెయ్‌కు తూకంతో పనిలేదు. ఎత్తడం అనే పాత అర్థం అందులో మిగిలి ఉన్నది కనుక అది లంగరెత్తి బయలుదేరడమే. ‘యాంకర్స్ అవెయ్’ (anchors aweigh) కూడా అలాంటిదే. చెవికి దూరంగా పొమ్మన్నట్టు వినిపించినా, లంగరు నేలను వదిలి గొలుసుకు వేలాడుతున్నదని దాని అర్థం. ఇక ఓడ ‘డ్రాగ్’ అవుతున్నదంటే లంగరు పట్టు తప్పి, నేల మీద జారుతున్నదన్న మాట. దానిని లంగరు లాగడం అని రాస్తే పాఠకుడికి నావికులు పనిగట్టుకొని లాగుతున్నట్టు తోస్తుంది.

చిక్కంతా లక్ష్యార్థంలోనే ఉన్నది. ముందుగా క్రికెట్ సంగతి. ‘షీట్ యాంకర్’ అంటే పాత ఓడల్లో ఆపత్సమయానికి అట్టిపెట్టుకున్న పెద్ద లంగరు. మిగిలినవి పట్టు తప్పినప్పుడు దానిని దించేవారు. ఆ మాట ‘చివరి ఆధారం’గా మారి, అక్కడి నుంచి బ్యాటింగ్‌లోకి వచ్చింది. 2011 ప్రపంచకప్ ఫైనల్లో 31 పరుగులకే సెహ్వాగ్, సచిన్ వెనుదిరిగిన తరువాత గౌతమ్ గంభీర్ 97 పరుగులు చేసిన ఇన్నింగ్స్ దీనికి చక్కని ఉదాహరణ. దీనిని అనువదించేటప్పుడు యాంకర్ పాత్ర అని రాయవలసిన అవసరమే లేదు. మన క్రీడా పుటలు ఏనాడో ‘క్రీజులో పాతుకుపోయాడు’ అనే మాటను స్థిరపరిచాయి. కొక్కెం ఇసుకలో దిగబడే చిత్రానికి ఇంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు కనిపించలేదు.

టీవీ యాంకర్ కథ వేరు. అమెరికాలో 1952లో షికాగోలో జరిగిన పార్టీ మహాసభల ప్రసారాలకు సీబీఎస్ టీవీ సంస్థలో వాల్టర్ క్రాంకైట్ కేంద్ర స్థానంలో ఉన్నప్పటి నుంచి ఈ మాట బాగా వ్యాపించింది. అనేక చోట్ల ఉన్న విలేకరుల మాటలన్నిటినీ ఒక్కచోట ముడివేసి నిలిపేవారు అన్నది అక్కడి భావం. రిలే పరుగులో చివరి భాగం పరుగెత్తే క్రీడాకారుణ్ణీ, తాడులాగుడు పోటీలో తాడు కొస పట్టే మనిషినీ కూడా ఇంగ్లీషులో అలాగే అంటారు. తెలుగులో మాత్రం యాంకర్ అర్థం మరింత విస్తరించింది: వార్తలు చదివినా, వంటల కార్యక్రమం నడిపినా, సినిమా ప్రీ రిలీజ్ వేడుకలో మైకు పట్టుకున్నా యాంకరే. కనుక తెలుగు యాంకర్‌ను ఇంగ్లీషులోకి తీసుకువెళ్లేటప్పుడు చాలా సందర్భాల్లో హోస్ట్ అనవలసి వస్తుంది. గ్రాంథిక వాసన ఉన్న వ్యాఖ్యాత అనే మాట క్రికెట్ కామెంటేటర్‌కూ చెల్లుతుంది కనుక, సందర్భం స్పష్టంగా లేనిచోట యాంకర్ అని ఉంచడమే మేలు.

వ్యాపార పుటల్లోని యాంకర్ ఇన్వెస్టర్‌ను కూడా అనువదించకపోవడమే మంచిది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2009లో ప్రవేశపెట్టిన ఈ ఏర్పాటులో, ఇష్యూ సాధారణ మదుపరులకు తెరుచుకోకముందే పెద్ద సంస్థలు వాటాలు తీసుకొని, కొంతకాలం అమ్మకుండా అట్టిపెట్టుకుంటాయి. ఇది నిర్వచనం ఉన్న పారిభాషిక పదం. దానికి లంగరు మదుపరి అని కొత్త పేరు పెడితే చదివేవారు ఏమిటోనని ఆగిపోతారు. మొదటి ప్రస్తావనలో ఒక్క వాక్యంలో వివరించి, తరువాత అదే మాట వాడితే చాలు. ఇళ్లు కట్టేవారి యాంకర్ బోల్టు విషయంలోనూ ఇదే పద్ధతి.

మనస్తత్వశాస్త్రంలోని యాంకరింగ్ దగ్గర మాత్రం కాస్త ఆగవలసి ఉంటుంది. 1974లో మనస్తత్వవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉన్నది. ఎదురుగా తిప్పిన చక్రం 10 దగ్గరో, 65 దగ్గరో ఆగేది. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఆ అంకెకంటే ఎక్కువా తక్కువా అని అడిగి, ఆపైన అంచనా చెప్పమంటే, 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25, 65 చూసినవారిది 45. చక్రానికీ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేకపోయినా మనసు ఆ అంకె నుంచి ఎంతో దూరం పోలేకపోయింది. ఇక్కడ అరువు తెచ్చుకున్నది లంగరు ఇచ్చే భద్రత కాదు, గొలుసు పెట్టే హద్దు. అందుకే ఆసరా, ఆధారం వంటి మాటలు ఇక్కడ పూర్తిగా తప్పుతోవ పట్టిస్తాయి. ‘తొలి అంకెకు కట్టుబడిపోవడం’ అని విడమరచి చెప్పవచ్చు. ఉపమానం కావాలనుకుంటే గుంజా పలుపూ ఉండనే ఉన్నాయి. చీరల దుకాణంలో 4,000 అని మొదలైన బేరం 2,500 దగ్గర తెగితే గెలిచామనుకునే మనకు ఈ పలుపు అనుభవం కొత్తేమీ కాదు.

నిరీక్షణను, అంటే ఆశను, ఆత్మకు లంగరుగా చెప్పే క్రైస్తవ ప్రతీక వంటి చోట్ల లంగరు అనే మాటనే నిస్సంకోచంగా నిలుపుకోవచ్చు. తెలుగు బైబిలు కూడా ఆ మాటనే వాడింది. మతం ప్రసక్తి వచ్చింది కనుక మరొక హెచ్చరిక: ఏకాంతవాసం చేసే సన్యాసిని ఇంగ్లీషులో యాంకరైట్ అంటారు గానీ ఆ మాటకూ లంగరుకూ చుట్టరికం లేదు, అది వైదొలగడం అనే గ్రీకు క్రియ నుంచి వచ్చింది.

మాటను ఎంచుకున్న తరువాత, ముందు వెనుక వాక్యాలను మరొకసారి చదువుకోవాలి. అమ్మ ఆ కుటుంబానికి యాంకర్ అని ఒక్క వాక్యమే ఉంటే పెద్దదిక్కు అనడం ఎంతో సహజంగా ఉంటుంది. కానీ రచయిత ఆ తరువాత తుపాను, తెగిన తాడు, కొట్టుకుపోయిన పడవ అంటూ చిత్రాన్ని సాగదీసి ఉంటే, పెద్దదిక్కు ఆ పడవలో ఇమడదు. అటువంటప్పుడు మొదటి వాక్యం నుంచే లంగరు అని రాసుకురావాలి.