ఏలిటరేట్: చదవడం వచ్చీ చదవనివారికి వాడే మాట

ఇంగ్లీషులో 'ఇల్లిటరేట్' అంటే చదవడం, రాయడం రాని మనిషి. 'ఏలిటరేట్' అలా కాదు. చదవడం వచ్చు, చదవాలన్న ఆసక్తే లేదు. ఆ స్థితి పేరు 'ఏలిటరసీ'. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే డిగ్రీ చదివిన మనిషిని అక్షరం ముక్క రానివాడని అన్నట్టే.

పొరపాటు ఎక్కువగా స్పెల్లింగులోనే వస్తుంది. ఇల్లిటరేట్‌లో 'ఐ' తర్వాత 'ఎల్' రెండుసార్లు, ఏలిటరేట్‌లో 'ఏ' తర్వాత ఒక్కసారే. అక్కడ రెండో 'ఎల్' చేరిందా, అది అనుప్రాస కూర్చడం అనే అర్థమున్న మరో క్రియ అయిపోతుంది. పలికేటప్పుడు మొదట 'ఏ' స్పష్టంగా వినిపించాలి, ఊనిక 'లి' మీద పడాలి, చివర 'రేట్' అని సాగదీయకుండా 'రిట్' అని తేల్చేయాలి. 'ఏ' నలిగితే వినేవాళ్లకు ఇల్లిటరేట్ అనే వినిపిస్తుంది.

మాటను విడగొట్టి అర్థం లాగబోతే మాత్రం పప్పులో కాలేస్తాం. ముందున్న 'ఏ' గ్రీకుది, అధర్మం, అశాంతిలోని మన 'అ'కు తోబుట్టువు. ఇల్లిటరేట్‌లోది లాటిన్ 'ఇన్', 'ఎల్' ముందు 'ఇల్' అయింది. రెండూ 'లేదు' అనే చెబుతాయి. తేడా వాడుకలో స్థిరపడిందే. అమోరల్ అంటే నీతి గొడవే పట్టనిది, ఇమ్మోరల్ అంటే నీతిమాలినది. ఈ జంటను గుర్తుంచుకుంటే ఏలిటరేట్, ఇల్లిటరేట్ తేడా కూడా గుర్తుంటుంది.

ఎవరికి వాడాలో తేల్చడానికి రెండు ప్రశ్నలు చాలు: చదవగలరా? కావాలని మానేశారా? రెండింటికీ అవును వస్తేనే ఏలిటరేట్. ఫోన్‌లో మెసేజీలు, బస్సు బోర్డులు చదువుతూ అంతకు మించి ఏదీ ముట్టనివారికీ ఇది వర్తిస్తుంది. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది పెట్టే సమస్య) ఉన్నవారికి వాడకూడదు, అక్కడున్నది కష్టం, అనాసక్తి కాదు. తెలుగులో విరివిగా చదువుతూ ఇంగ్లీషు ముట్టనివారికీ తగదు.

ఇది విశేషణంగానూ నామవాచకంగానూ నడుస్తుంది. విశేషణంగా వాడేటప్పుడు 'యాన్ ఏలిటరేట్ రీడర్' అనకండి, చదవనివారిని రీడర్ అంటే పొసగదు. 'యాన్ ఏలిటరేట్ అడల్ట్' సరైనది. ఎదుటివారికి మాట కొత్తదైతే పక్కనే అర్థం చెప్పండి. తెలుగులోకి తెచ్చేటప్పుడు నిరక్షరాస్యత అని రాయొద్దు. వ్యాసానికి 'పఠన విముఖత' కుదురుతుంది, మామూలు సంభాషణలో 'చదవడం వచ్చినా చదవరు' అంటేనే సూటిగా ఉంటుంది.