గాల్ మిడ్జ్ టైప్ నమూనాతో పేరు సరిపడనప్పుడు

లక్షణం: మొక్క అదే, గాల్ (గాల్ మిడ్జ్ అనే చిన్న ఈగ వల్ల మొక్కపై లేచే ఉబ్బు) ఆకారమూ అదే. అయినా మీరు పెంచిన మగ ఈగ జననాంగాలు మ్యూజియంలోని టైప్ (జాతి పేరుకు ఆధారమైన నమూనా) స్లయిడుతో సరిపోవు. అంతలోనే కొత్త జాతి అని ప్రకటించకండి.

మొట్టమొదట మూల వర్ణన, అంటే ఆ జాతికి తొలిసారి పేరుపెట్టిన ప్రచురణ, చదవాలి. చీటీపై "టైప్" అని రాసి ఉన్నంత మాత్రాన అది హోలోటైప్ (రచయిత తానే టైప్‌గా ఎంచిన ఒకే నమూనా) కాదు. ఆ చీటీని తరువాత ఎవరో అంటించి ఉండవచ్చు. రచయిత ఒకే నమూనాను టైప్‌గా పేర్కొన్నారా, అనేకం చూసి దేనినీ ఎంచలేదా, ఆపై ఎవరైనా లెక్టోటైప్ (ఆ అనేకంలోంచి తరువాత టైప్‌గా ఎంచిన ఒక్కటి) నిర్ణయించారా అన్నది ప్రచురితమైన కాగితాలే చెబుతాయి. ఈ పని వదిలేసి నేరుగా సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవారిని చూసి చూసి విసుగొచ్చింది.

అసలు మోసం చేసే కారణం వేరు. గాల్‌లోంచి వెలువడిన ప్రతి ఈగా ఆ గాల్‌ను కలిగించినది కాదు. పూర్వం గాల్‌లన్నిటినీ ఒకే సీసాలో వేసి, వచ్చిన ఈగలన్నిటినీ ఒకే శ్రేణిగా దాచిన సందర్భాలున్నాయి. గాల్‌ను ఆశ్రయించి బతికేవీ, ఇతర పురుగులను తినే లెస్టోడిప్లోసిస్ వంటివీ వాటిలో కలిసిపోతాయి. నేనూ ఒక స్లయిడును నమ్మి బొమ్మలన్నీ గీశాక, అదే శ్రేణిలోని రెండో స్లయిడు వేరే ప్రజాతిదని తెలిసి, అన్నిటినీ పక్కన పెట్టవలసి వచ్చింది. లెస్టోడిప్లోసిస్ లార్వాలకు పొడవైన స్పర్శశృంగాలు, కడుపు కింద మిథ్యాపాదాలు (కాళ్లలాంటి బుడిపెలు) ఉంటాయి కనుక లార్వా స్లయిడులుంటే ముందుగా వాటినే చూడండి.

పరిష్కారం: ఒక్కొక్క గాల్‌ను విడి సీసాలో ఉంచి, ఈగతోపాటు దాని ప్యూపా (ఈగగా మారేముందు దశ) విడిచిన పొరనూ భద్రపరచండి. గొట్టంలాంటి గాల్ కలిగించే వరి ఉల్లికోడులో ఆ పొర గొట్టం కొన దగ్గరే వేలాడుతుంది గనుక ఈగకూ గాల్‌కూ సంబంధం తేల్చడం సులభం. ఆపై శ్రేణిలోని ప్రతి స్లయిడునూ విడివిడిగా పోల్చి, హోలోటైప్ గానీ లెక్టోటైప్ గానీ లేకపోతే, వాడుకలోని అర్థానికి సరిపడే నమూనాను స్పష్టమైన ప్రకటనతో లెక్టోటైప్‌గా ఎంచండి. మిగిలినవి పారాలెక్టోటైపులవుతాయి, పేరును మోసే అధికారం వాటికి ఉండదు.

శ్రేణిలో కలగలుపు లేకుండా తేడా నిలిస్తే, అప్పుడే కొత్త పేరు ఆలోచించాలి. ఆఫ్రికా వరిలోని ఈగను చాలాకాలం ఉడ్-మేసన్ 1889లో పేరుపెట్టిన ఓర్సియోలియా ఒరైజే (ఆసియా వరి ఉల్లికోడు ఈగ) అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే అనే శాస్త్రవేత్తలు రెండింటినీ పోల్చి ఆఫ్రికాదానిని ఓర్సియోలియా ఒరైజివోరాగా వేరు చేశారు. వరంగల్ 4ఎం వంటి బయోటైపులు (ఒకే జాతిలోని తెగలు) వరి రకాలపై ప్రతిచర్యను బట్టి విడదీసినవి. వాటిని ఈ చర్చలోకి లాగకండి.

తేడాకు చీటీలు తారుమారవడం కారణం కావడం అరుదు. ఉన్న టైపే వేరే ఈగదని తేలితే మాత్రం నియోటైప్ (పాతదాని స్థానంలో కొత్త టైప్) ఎంచడం మీ చేతిలో ఉండదు, అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్‌కు దరఖాస్తు చేయాలి.