జూన్ నెలలో చార్టుల ప్రదర్శన ఏర్పాటు చేయడం ఎలా?

అనంతపురంలోని ఏ కళాశాల గ్రంథాలయంలోనైనా ఎల్‌జీబీటీక్యూ (స్వలింగ ఆకర్షణ గలవారు, ట్రాన్స్‌జెండర్లు తదితరుల) హక్కుల చరిత్రపై చార్టులు పెట్టదలచినవారు, ప్రిన్సిపాల్‌కు రాసే అర్జీలో ‘వేడుక’ అనకుండా ‘చట్ట చరిత్ర ప్రదర్శన’ అని రాయడం మేలు. అది నిజమే కాబట్టి, అభ్యంతరాలూ తగ్గుతాయి.

జూన్ నెలే ఎందుకన్నది మొదటి చార్టులో చెప్పాలి. 1969 జూన్ 28 తెల్లవారుజామున న్యూయార్కులో స్వలింగ ఆకర్షణ గలవారు కలుసుకునే స్టోన్‌వాల్ ఇన్ అనే బార్‌పై పోలీసులు దాడి చేయగా అక్కడివారు తిరగబడ్డారు. 1999లో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఈ నెలను ‘గే అండ్ లెస్బియన్ ప్రైడ్’ మాసంగా అధికారికంగా గుర్తిస్తూ ప్రకటన చేశారు.

మన దేశంలో గుర్తింపు ప్రధానంగా కోర్టు తీర్పుల ద్వారా వచ్చింది గనుక, రెండవ చార్టుకు ఎక్కువ చోటు కేటాయించాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377ను ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న సడలించడం, సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న ఆ తీర్పును కొట్టివేయడం, మళ్లీ 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పరస్పర అంగీకారంతో వయోజనుల మధ్య ఉండే సంబంధం నేరం కాదనడం ఎగుడుదిగుడు గీతగా గీస్తే చూడగానే అర్థమవుతుంది. చాలామంది 2013ను వదిలేస్తారు. అసలు కథ అక్కడే ఉంది. ట్రాన్స్‌జెండర్లను గుర్తించిన 2014 ఏప్రిల్ 15 తీర్పునూ, స్వలింగ జంటలకు వివాహ హక్కును నిరాకరించిన 2023 అక్టోబరు 17 తీర్పునూ చేర్చాలి.

సున్నం గోడకు టేపు నిలవదు, పైగా జూన్‌లో ఇక్కడ గాలి ఎక్కువ. కిటికీ ఊచల మధ్య పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించాలి. స్థానికుల పేర్లు, ఫొటోలు వారి అనుమతి లేకుండా పెట్టరాదు.