హ్యాకింటోష్ సరిగ్గా నిద్రపోవాలంటే ముందు యూఎస్‌బీ పోర్టులు సరిచేయండి

హ్యాకింటోష్‌లో, అంటే మ్యాక్‌ఓఎస్ ఎక్కించిన మామూలు పీసీలో, స్లీప్ పనిచేయడం లేదనగానే చాలామంది ఎక్కడెక్కడి కెక్స్ట్‌లు (మ్యాక్‌ఓఎస్ డ్రైవర్ ఫైళ్లు) తెచ్చి, బూట్‌కి కావలసిన ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ ఫోల్డర్ నింపేస్తారు. తర్వాత బూట్ ఆర్గ్యుమెంట్లలో (బూట్ అయ్యేటప్పుడు మ్యాక్‌ఓఎస్‌కి ఇచ్చే సూచనల్లో) డార్క్‌వేక్ అనేదాని పక్కన అంకెలు ఒక్కొక్కటే మార్చి చూస్తారు. చివరికి మెషీన్ బూట్ కూడా కాదు. ఇలా చెడగొట్టుకున్న మెషీన్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. యూఎస్‌బీ మ్యాపింగ్, అంటే ఏ పోర్టు ఎలాంటిదో మ్యాక్‌ఓఎస్‌కి చెప్పడం, అసలు చేసి ఉండరు, లేదా ఇంకొకరి మెషీన్ మ్యాప్‌ని కాపీ కొట్టి ఉంటారు.

కింద చెప్పేదంతా ఇంటెల్ ప్రాసెసర్, ఓపెన్‌కోర్ (మ్యాక్‌ఓఎస్‌ని బూట్ చేసే ప్రోగ్రాం) ఉన్న డెస్క్‌టాప్ కోసం. ఇంకా క్లోవర్ అనే పాత బూట్‌లోడర్ మీదే ఉన్నవాళ్లు ముందు ఓపెన్‌కోర్‌కి మారండి, ఆ తర్వాతే స్లీప్ సంగతి. మ్యాక్‌ఓఎస్‌ని ఆపిల్ కంప్యూటర్ల మీదే వాడాలన్నది ఆపిల్ లైసెన్సు షరతు, అది తెలుసుకునే దిగండి.

కావలసినవి: పనిచేస్తున్న ఈఎఫ్‌ఐ కాపీ ఉన్న ఒక పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్ ఒకటి, యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ ఒకటి, విండోస్ ఉన్న డ్రైవ్, కాగితం, పెన్ను. ఏ మార్పైనా ముందు పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐలో చేసి, దాంతో బూట్ చేసి చూడండి. లోపలి డ్రైవ్ జోలికి అప్పుడే వెళ్లకండి.

హైబర్నేషన్ ఆపేయండి

డెస్క్‌టాప్‌కి హైబర్నేషన్ అక్కర్లేదు. మామూలు స్లీప్‌లో పని అంతా ర్యామ్‌లోనే ఉంటుంది. హైబర్నేషన్‌లో అది డిస్కు మీదికి వెళ్తుంది, దాన్ని తిరిగి తెరిచే తాళంచెవిని మ్యాక్‌ఓఎస్ ఆర్‌టీసీ (బోర్డు మీది గడియారం) మెమరీలో రాస్తుంది. అసలు మ్యాక్‌లో దీనితో ఏ ఇబ్బందీ లేదు. మన బోర్డుల్లో మాత్రం ఆ మెమరీ ఎవరో పాడుచేశారనుకుని బయోస్ తన సెట్టింగులన్నీ మొదటికి తెచ్చేసుకుంటుంది. లేవగానే బయోస్ రీసెట్ అయిందన్న మెసేజ్ కనబడితే ఇదే కారణం. డిజేబుల్ ఆర్‌టీసీ చెక్‌సమ్ అనే క్వర్క్ (ఓపెన్‌కోర్ సెట్టింగు), ఆర్‌టీసీ మెమరీ ఫిక్సప్, హైబర్నేషన్ ఫిక్సప్ అనే కెక్స్ట్‌లు ఇందుకోసమే ఉన్నాయి. ల్యాప్‌టాప్ వాళ్లకు అవి అవసరం కావచ్చు, డెస్క్‌టాప్‌లో ఆ తలనొప్పి పెట్టుకోకండి.

టెర్మినల్ తెరిచి కింది కమాండ్లు ఇవ్వండి. కొట్టేటప్పుడు ఇంగ్లిషు చిన్న అక్షరాలే వాడాలి, ఉదాహరణకు మొదటిది sudo pmset -a hibernatemode 0.

సుడో పీఎంసెట్ -ఎ హైబర్నేట్‌మోడ్ 0
సుడో పీఎంసెట్ -ఎ స్టాండ్‌బై 0
సుడో పీఎంసెట్ -ఎ ఆటోపవర్‌ఆఫ్ 0
సుడో పీఎంసెట్ -ఎ పవర్‌న్యాప్ 0
సుడో పీఎంసెట్ -ఎ ప్రాక్సిమిటీవేక్ 0
సుడో పీఎంసెట్ -ఎ టీసీపీకీపలైవ్ 0

చివరిది ఇచ్చినప్పుడు ఫైండ్ మై పనిచేయకపోవచ్చని హెచ్చరిక వస్తుంది. డెస్క్‌టాప్‌ని ఎవరూ జేబులో వేసుకుపోరు కాబట్టి పట్టించుకోకండి.

హైబర్నేట్‌మోడ్ 0లో ఉన్నప్పుడు కరెంటు పోతే సేవ్ చేయని పని పోతుంది. మన ఊళ్లలో వేసవి కోతలు మామూలే కాబట్టి యూపీఎస్ పెట్టుకోండి. కరెంటు పోయిన క్షణంలో ఇంటి ఇన్వర్టర్ అందుకునే లోపే చాలా మెషీన్లు రీస్టార్ట్ అవుతాయి, దాని మీద ఆధారపడకండి.

బయోస్

వేక్ ఆన్ ల్యాన్, ఫాస్ట్ బూట్, సీఎస్‌ఎం, సీరియల్ పోర్టు ఆపేయండి. అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేయండి. సేవ్ చేసి బయటికి రండి.

జబ్బేంటో ముందు చూడండి

‘స్లీప్ రావట్లేదు’ అన్న ఒక్క మాటలో చాలా జబ్బులు ఉంటాయి. ఆపిల్ మెనూలో స్లీప్ నొక్కితే నిద్రపోయి, దానంతట అది మాత్రం పోకపోతే ఏదో ప్రోగ్రాం పట్టి ఉంచుతోందన్నమాట. పీఎంసెట్ -జీ అసర్షన్స్ అని కొట్టండి. ఏ ప్రోగ్రాం ఆపుతోందో పేరుతో సహా వస్తుంది. ఆడియో నడిపే ప్రాసెస్, ఫైల్ షేరింగ్, సగంలో ఆగిన ప్రింట్ వంటివి అక్కడ కనిపిస్తాయి.

అసలైన జబ్బు ఇంకోటి ఉంది. స్లీప్ నొక్కగానే స్క్రీన్ నల్లబడుతుంది, ఫ్యాన్లు ఆగుతాయి, పవర్ బటన్ దగ్గర లైటు ఒకసారి వెలిగి ఆరుతుంది. రెండు సెకన్లలో ఫ్యాన్లు మళ్లీ గిర్రున తిరుగుతాయి, లాగిన్ స్క్రీన్ వచ్చేస్తుంది. అప్పుడు పీఎంసెట్ -జీ లాగ్ అని కొట్టి, వేక్ అని ఉన్న చివరి వరుసలో ‘డ్యూ టు’ తర్వాత ఏముందో చదవండి. ఎక్స్‌హెచ్‌సీ అని ఉంటే లేపింది యూఎస్‌బీ, జీల్యాన్ అని ఉంటే నెట్‌వర్క్ కార్డు, ఆర్‌టీసీ అని ఉంటే టైమర్. టైమర్ పని పైన ఇచ్చిన కమాండ్లతోనే చాలావరకు అయిపోతుంది, నెట్‌వర్క్ కార్డు పని బయోస్‌లో అయిపోతుంది. ఎక్స్‌హెచ్‌సీ ఉంటే మాత్రం కిందిది శ్రద్ధగా చదవండి.

యూఎస్‌బీ మ్యాపింగ్

ఒక్కో యూఎస్‌బీ కంట్రోలర్‌కి 15 పోర్టులే మ్యాక్‌ఓఎస్ ఒప్పుకుంటుంది. జెడ్390 చిప్‌సెట్‌నే తీసుకోండి. దానిలో యూఎస్‌బీ 2కి 14, యూఎస్‌బీ 3కి 10, మరో రెండు కలిపి 26 పోర్టులుంటాయి. మీరు ఎంచుకోకపోతే 15 దాటినవి పోతాయి. సాధారణంగా పోయేవి చివర ఉండే యూఎస్‌బీ 3 పోర్టులు. ఉన్నవాటిలో కూడా ఏది బయటిదో ఏది లోపలిదో మ్యాక్‌ఓఎస్‌కి తెలియదు. మదర్‌బోర్డు లోపలి బ్లూటూత్‌ని బయట పెట్టిన పెన్‌డ్రైవ్ లాగే చూస్తుంది. స్లీప్‌కి వెళ్లేటప్పుడు దేన్ని ఎలా నిద్రపుచ్చాలో తెలియక తడబడుతుంది.

ఎక్స్‌హెచ్‌సీఐ పోర్ట్ లిమిట్ అనే క్వర్క్ ఆన్ చేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. బిగ్ సర్ 11.3, ఆ తర్వాతి వెర్షన్లలో అది సరిగ్గా పనిచేయకపోవచ్చు. పాత వెర్షన్లలో కూడా అది మ్యాపింగ్ చేసేదాకా గడుపుకోవడానికి ఇచ్చినదే.

మ్యాప్‌ని విండోస్‌లోనే, యూఎస్‌బీ టూల్‌బాక్స్‌తో చేయండి. మ్యాక్‌ఓఎస్ లోపలి నుంచి చేసే పద్ధతిలో పోర్టులు 15, 15గా విడగొట్టి చూడాలి, మధ్యలో కీబోర్డు పనిచేయడం మానేస్తుంది. విండోస్‌కి ఆ పరిమితి లేదు కాబట్టి అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఈ టూల్‌కి తోడుగా ఇచ్చే కెక్స్ట్ వాడితే మ్యాప్ మీ ఎస్‌ఎంబయోస్ మోడల్ పేరుతో, అంటే మెషీన్ తాను ఏ మ్యాక్‌నని చెప్పుకుంటుందో ఆ పేరుతో, ముడిపడదు. వేరే పద్ధతుల్లో మోడల్ ఐమ్యాక్ నుంచి మ్యాక్ ప్రోకి మార్చగానే మ్యాప్ చల్లగా పనిచేయడం మానేస్తుంది, జనం కారణం కనుక్కోలేక తల బద్దలు కొట్టుకుంటారు.

టూల్ నడుస్తుండగా కేసు వెనక, ముందు ఉన్న ప్రతి పోర్టులో యూఎస్‌బీ 2 డ్రైవ్ పెట్టండి. అది తెరమీద కనపడేదాకా ఆగి తీసేయండి, తర్వాత యూఎస్‌బీ 3 డ్రైవ్ పెట్టండి. రెండూ పెట్టి చూడాల్సిందే. నీలం పోర్టు బయటికి ఒకటే అయినా కంప్యూటర్ లెక్కలో రెండు, హెచ్‌ఎస్ (యూఎస్‌బీ 2) ఒకటి, ఎస్‌ఎస్ (యూఎస్‌బీ 3) ఒకటి. యూఎస్‌బీ 3 డ్రైవ్‌ని ఒక్క ఊపున లోపలికి నెట్టండి. నెమ్మదిగా తోస్తే అది యూఎస్‌బీ 2గా నమోదవుతుంది, ఆ పోర్టుకి ఎస్‌ఎస్ లేదని మీరు పొరబడతారు. ఏ పోర్టుకి ఏ పేరు వచ్చిందో అప్పటికప్పుడు కాగితం మీద బొమ్మ గీసి రాసుకోండి. తర్వాత గుర్తుంటుందని వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి.

టైప్-సీ పోర్టులో కేబుల్‌ని తిప్పి కూడా పెట్టి చూడాలి. టూల్‌లో ప్రతి పోర్టుకీ ఒక టైప్ అంకె ఉంటుంది: రెండు వైపులా ఒకే ఎస్‌ఎస్ పేరు వస్తే టైప్ 9, వేర్వేరు పేర్లు వస్తే టైప్ 10. మామూలు యూఎస్‌బీ 2 పోర్టుకి 0, నీలం పోర్టులోని రెండు భాగాలకీ 3.

ఇక లోపలి పరికరాలకు 255. బ్లూటూత్‌కి తప్పనిసరిగా 255 ఇవ్వాలి. స్లీప్‌ని చెడగొట్టే పొరపాట్లలో ఇదే పెద్దది. టూల్ తనంతట తాను ఊహించి ఒక టైప్ పెడుతుంది, అది ప్రతిసారీ సరిగ్గా ఉండదు. బ్లూటూత్ ఏ పోర్టులో ఉందో చూసి మీ చేత్తో మార్చండి. కొన్ని బోర్డుల్లో రంగు లైట్ల కంట్రోలర్ కూడా లోపలి యూఎస్‌బీ మీదే ఉంటుంది. మ్యాక్‌ఓఎస్‌కి దాంతో పని లేదు, దాన్ని మ్యాప్‌లోంచి తీసేయండి.

15 ఎలా పంచాలంటే, నీలం పోర్టులు ఆరింటికి 12, బ్లూటూత్‌కి 1, కీబోర్డుకీ మౌస్‌కీ రెండు యూఎస్‌బీ 2 పోర్టులు. ఇంతకంటే ఎక్కువ కావాలంటే హబ్ కొనుక్కోండి. హబ్‌లోని పోర్టులు ఈ 15లోకి రావు.

తయారైన కెక్స్ట్‌ని, టూల్‌బాక్స్ కెక్స్ట్‌ని ఓసీ ఫోల్డర్లోని కెక్స్ట్స్‌లో పెట్టి కాన్ఫిగ్ ఫైల్లో చేర్చండి. యూఎస్‌బీ ఇంజెక్ట్ ఆల్ అనే కెక్స్ట్ ఉంటే తీసేయండి, పైన చెప్పిన పోర్ట్ లిమిట్ క్వర్క్ ఆపేయండి. ఆ రెండూ ఉండగా మ్యాప్ పెట్టి ‘పనిచేయలేదు’ అనేవాళ్లు చాలామంది. స్కైలేక్, ఆ తర్వాతి ప్రాసెసర్లయితే ఎస్‌ఎస్‌డీటీ-యూఎస్‌బీఎక్స్ అనే ఫైలు కూడా ఉండాలి. నిద్రలో పోర్టులకు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పేది అదే. అది లేకపోతే లేచాక డిస్కు సరిగ్గా తీయలేదన్న మెసేజ్‌లు రావచ్చు.

అయినా వెంటనే లేస్తుంటే

మ్యాప్ సరిగ్గా ఉండి కూడా రెండు సెకన్లలో లేస్తుంటే అప్పుడు జీపీఆర్‌డబ్ల్యూ ప్యాచ్ పెట్టండి. ఏ పరికరానికి మెషీన్‌ని లేపే హక్కుందో బోర్డు ఈ మెథడ్ ద్వారా చెబుతుంది. ప్యాచ్ దాన్ని పక్కకు తప్పించి, యూఎస్‌బీకి ఆ హక్కు లేదని జవాబిస్తుంది. మీ డీఎస్‌డీటీ (బోర్డు తన హార్డ్‌వేర్ వివరాలు చెప్పే పట్టిక) తెరిచి, అందులో ఉన్నది జీపీఆర్‌డబ్ల్యూనా యూపీఆర్‌డబ్ల్యూనా చూసుకుని దానికి సరిపోయేదే వేయండి. పేరు మార్చే ప్యాచ్, ఎస్‌ఎస్‌డీటీ ఫైలు రెండూ కలిసే ఉండాలి. తర్వాత కీబోర్డుతో లేవకపోవచ్చు, పవర్ బటన్ నొక్కి లేపండి. మ్యాపింగ్ చేయకుండా నేరుగా ఈ ప్యాచ్ వేయకండి, అసలు తప్పు కింద దాక్కుని ఉండిపోతుంది.

లేచాక ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటే అది గ్రాఫిక్స్ సమస్య. వాట్‌ఎవర్‌గ్రీన్ అనే గ్రాఫిక్స్ కెక్స్ట్ కొత్త వెర్షన్ పెట్టి, ఇంటెల్ గ్రాఫిక్స్ ఫ్రేమ్‌బఫర్ విలువ మీ ప్రాసెసర్‌కి తగినదేనా చూడండి.

పరీక్ష

ఐదు నిమిషాలు నిద్రపుచ్చి లేపి, వైఫై, బ్లూటూత్, సౌండ్, ప్రతి పోర్టూ చూడండి. తర్వాత రాత్రంతా ఉంచండి. ఉదయం లాగ్ తెరిస్తే మధ్యలో ఒక్క వేక్ కూడా ఉండకూడదు. అప్పుడు మాత్రమే ఆ ఈఎఫ్‌ఐని లోపలి డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

ఇంటెల్ మ్యాక్‌లకు టాహో 26 చివరి వెర్షన్ అని ఆపిల్ 2025లో చెప్పేసింది. మన మెషీన్లకూ అంతే. ప్రతి అప్‌డేట్‌కి ముందు పనిచేస్తున్న ఈఎఫ్‌ఐని పెన్‌డ్రైవ్‌లో తేదీ వేసి దాచుకోండి, అప్‌డేట్ అయ్యాక పీఎంసెట్ -జీ కొట్టి పై విలువలన్నీ 0లోనే ఉన్నాయా చూడండి.