మడ మొక్కకంటే ముందు కాలువ

సముద్రం ఊరిమీదికి పొంగినప్పుడు ముందుగా అడ్డం నిలిచేది తీరాన ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవే. మాది కాకినాడ దగ్గర కోరింగ పక్క ఊరు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లం, ఈ మాటలో నాకు అనుమానం లేదు.

మేం మొదట చేసిన తప్పు చెబుతాను. ఎండిన పర్రలో, అంటే తీరాన ఉన్న ఉప్పు బీడులో, వందల మొక్కలు పెట్టేశాం. మడమతో నొక్కితే ఉప్పు పొర పటపటలాడే నేల అది. వేసవికి ఒక్కటీ మిగల్లేదు. సముద్రం పోటు మీదున్నప్పుడు నీరు ఎక్కని చోట మడ బతకదండీ.

అందుకే ముందు కాలువ తవ్వండి. ఏటి నుంచి పర్రలోకి ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు, చేప వెన్నుముల్లులాగా. పోటుకు నీరు ఎక్కాలి, పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పూర్తిగా దిగాలి. నిలిచిందంటే వేళ్లు కుళ్లిపోతాయి. ఒక వానాకాలం ఉప్పు కడగనిచ్చాకే నాటండి.

వానల్లో రాలిన మడ కాయల్ని బకెట్ నీళ్లలో నానేస్తే పైతొక్క ఊడి, చిక్కుడు గింజలాంటి పచ్చటి పప్పు బయటపడుతుంది. దాన్ని ఏటి బురద నింపిన సంచిలో పైపైనే గుచ్చండి, లోతుగా వద్దు. జానెడు ఎదిగాక కాలువ గట్టు వాలులో సరిగ్గా మధ్యన పెట్టండి. అడుగున పెడితే మునిగిపోతుంది, పైన పెడితే ఎండిపోతుంది.

గేదెలు మేయకుండా కాపలా ఉండాలి. కాలువలో పేరుకున్న ఒండ్రు ఏటా తీయించాలి.